రాజత్త వేసిన తుప్పు

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉండే ప్రభాకర్ పోయిన ఆదివారం నన్ను వాళ్ళింటికి కాఫీకి పిలిచాడు. నలభై దాటిన మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ అమ్మాయికి నేను సాయంత్రాలు తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాను కాబట్టి నన్ను టీచర్ అంటాడు. మా రాజత్త పోయి అప్పటికి ఇరవై రోజులు. "ఒక్కరే కూచోని ఉంటే మనసు బాగుండదు టీచర్, రండి, నా రైళ్ళు చూపిస్తా" అన్నాడు. నేను ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నానని అతను అనుకుంటున్నాడు. నేను ఏడవటం లేదు. అత్త పోయిన రోజూ ఏడవలేదు, కర్మ చేసిన కరుమాది నాడూ ఏడవలేదు. పొద్దున్నే లేచి పాలు కాచుకుంటున్నాను, పేపరు చదువుకుంటున్నాను, రాత్రి పడుకోగానే నిద్ర పడుతోంది. పంటి డాక్టరు సూది వేశాక పెదవి మనదే అయినా మనది కానట్టు ఉంటుందే, లోపలంతా అలా ఉంది. అది అతనికి ఎలా చెప్పను. వస్తానన్నాను.

ఒక గది మొత్తం రైళ్ళకే వదిలేశాడు. గోడ నుంచి గోడ దాకా బల్ల, దాని మీద పట్టాలు, చిన్న స్టేషను, సిగ్నళ్ళు. కిటికీ దగ్గర వేరే మేజా మీద ఒక గూడ్సు వ్యాగను ఒక్కటే ఉంది, నా బొటనవేలికి రెండింతలు పొడుగు. పక్కన వరసగా బుల్లి సీసాలు. పాత తుప్పు, కొత్త తుప్పు, మసి, బురద అని వాటి మీద ఇంగ్లీషులో రాసి ఉంది. "దీన్ని వెదరింగ్ అంటారు టీచర్. కొన్నప్పుడు బొమ్మ మాదిరి తళతళా ఉంటాది. ఎండకీ వానకీ తిరిగినట్టు మనమే చెయ్యాల. ఈ పొడులన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించినా" అని వ్యాగను నా అరచేతిలో పెట్టాడు. నేను కళ్ళజోడు సరిచేసుకుని చూశాను. ముచ్చటగానే చేశాడు. కానీ తలుపు గడియ మీద దట్టంగా తుప్పు పూశాడు.

"ఇక్కడ తుప్పు ఉండదు ప్రభాకర్."

"ఎందుకు టీచర్?"

"రోజూ నలుగురి చేతులు పడేచోటు. అరిగి మెరుస్తూ ఉంటుంది. తుప్పు దాని కింద, నీళ్ళు నిలిచే మూలలో మొదలవుతుంది. అక్కణ్ణుంచి కిందికి చార కడుతుంది."

అతను వ్యాగను తీసుకుని, తిప్పి చూసి, నా ముఖం చూశాడు. "అయ్యో, కరెక్టే కదా! మీకెట్ల తెలుసు?"

"మా అత్త చేసేది. నువ్వు పుట్టకముందు."

వెదరింగ్ అనే మాట నేను ఆ రోజే విన్నాను. మా ఇంట్లో దాన్ని పాతచేయడం అనేవాళ్ళం. ఈ పొద్దు మూడు వ్యాగన్లు పాతచేసినాం, రేపు రెండు, అనుకునేవాళ్ళం. కొన్ని నెలల పాటు మా ఇంట్లో అన్నం, కూర, చదువు లాగా అదీ ఒక పని.

అప్పుడు మేము పురసవాక్కంలో, బట్టల అంగళ్ళ వెనక సందులో ఉండేవాళ్ళం. ఒకే వరసలో ఆరు పోర్షన్లు, అందరికీ కలిపి ఒక చేతి పంపు. మాది చివరిది కాబట్టి వెనక చిన్న వరండా, మిద్దె మీదికి మెట్లు మా వాటాకి వచ్చాయి. ఇంట్లో అవ్వ, నాయన, అమ్మ, నేను, నాయన చెల్లెలు రాజేశ్వరత్త. అత్తకి పెళ్ళి ఎందుకు కాలేదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఇంట్లో చాలా సంగతులు అలాగే ఉండేవి. ముత్తాతల కాలంలో ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చారట. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పంపు దగ్గర అమ్మ ఒక్క వాక్యంలోనే రెండు భాషలు మాట్లాడేది. పొద్దున్నే పాలబూతుకి పోయి మాధవరం సీసాలు తెచ్చే పని నాది. నేను వచ్చేసరికి అవ్వ కాఫీ గింజల మర తిప్పుతూ ఉండేది. నాయన సైకిలు తుడుచుకుంటూ ఉండేవాడు. అత్త అద్దం ముందు జడ వేసుకుంటూ ఉండేది. ఆమె అద్దంలో తన ముఖం చూసుకున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందో చూస్తున్నట్టు ఉండేది.

నాయన గూడ్సు యార్డులో ట్రైన్ ఎగ్జామినరు. పొడుగు కర్ర ఉన్న సుత్తితో ప్రతి చక్రాన్నీ తట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పేవాడు. బాగాలేని బండి మీద సుద్దముక్కతో గుర్తు పెడితే దాన్ని విడదీసి రిపేరు బండ్లు నిలిపే సిక్ లైనుకి తోసేవారు. "ఈ పొద్దు నాలుగు బండ్లకి జొరం" అనేవాడు ఇంటికొచ్చి, చొక్కా విప్పుతూ. ఆ చొక్కా గ్రీజు, బొగ్గు, చెమట వాసన వేసేది. అమ్మ దాన్ని వేరే బకెట్టులో నానబెట్టేది. భోజనం అయ్యాక నాయన వరండాలో కూర్చుని టేకు చెక్క ముక్కలతో, కిరసనాయిలు డబ్బా రేకుతో వ్యాగన్లు చేసేవాడు. ఒక్కోటి జానెడు పొడుగు. ఎవరూ చెయ్యమనలేదు. యార్డులో కొలతలు తీసుకొచ్చి, సిగరెట్ పెట్టె మీద రాసుకుని, అదే లెక్కన తగ్గించి, గుండుసూది తలలు కోసి రివెట్లుగా కొట్టేవాడు. మా నాయన మాట్లాడే మనిషి కాదు. ఆయన ఆ రేకు ముక్కని చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూడటం నాకు గుర్తుంది.

అత్తది ఇంకో లోకం. పురసవాక్కం హైరోడ్డు మీద ఒక ఫోటో స్టూడియోలో రీటచింగ్ చేసేది. ఏటవాలు గాజు పలక, కింద అద్దం, దాని మీద నెగటివు. సూది మొనలా చెక్కిన పెన్సిలుతో ఆ నెగటివు మీద చిన్న చిన్న చుక్కలు పెడితే, ప్రింటు తీసినప్పుడు ముఖం మీద ముడతలు ఉండవు. అమ్మవారి మచ్చలు పోతాయి, కళ్ళ కింద నలుపు పోతుంది. పెళ్ళి సంబంధాలకి పంపే ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, కొత్త దంపతుల ఫోటోలు, అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్ళేవి. ఊళ్ళో సగం ముఖాలు నేనే నున్నగా చేసినా అనేది. ఆమె దగ్గర ఎప్పుడూ టర్పెంటైన్ వాసన. రాత్రి పక్కన పడుకుంటే ఆ వాసనకే నాకు నిద్ర పట్టేది.

నాయన మొదటి వ్యాగను పూర్తిచేసి, ఎర్రమన్ను రంగు పెయింటు రెండు పూతలు వేసి, ఆరాక ఒక సాయంత్రం అందరికీ చూపించాడు. అవ్వ ముట్టుకుని చూసింది. అమ్మ బాగుందంది. నాయన చెల్లెలి వైపు చూశాడు.

"ఎట్లుంది రాజీ?"

"బాగుందన్నా. పాప ఆడుకునేదానికి బాగుంటాది."

నాయన ముఖం మాడిపోయింది. "ఆడుకునేదానికా? కొలత ఒక నూలు కూడా తప్పలే. రివెట్లు కూడా లెక్క చూసి కొట్టినా."

"అది సరే అన్నా. రోజూ నువ్వు చూసే బండి ఇట్లనే ఉంటాదా? పెండ్లికూతురు మాదిరి?"

నాయన వ్యాగన్ని చేతిలోకి తీసుకుని రివెట్లు తడిమాడు. కాసేపటికి అత్తే, "దాన్ని నా కాడ పెట్టి పో. నచ్చకపోతే తుడిచేస్తాం" అంది.

ఆ రాత్రే మొదలుపెట్టలేదు. రెండు రోజులు వ్యాగన్ని కిటికీలో పెట్టి ఊరికే చూసింది. తర్వాత ఒక ఆదివారం మిద్దె మీద చాప వేసి కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పంపు పక్కన పడి ఉన్న ఇనుప బొక్కెన అడుగు గీకితే వచ్చిన తుప్పు ఒక కొబ్బరి సిప్పలో, మెత్తగా నూరిన ఇటుక పొడి ఒక సిప్పలో, లాంతరు చిమ్నీ మసి ఒకదాంట్లో, తన ముఖానికి వేసుకునే పౌడరు ఒకదాంట్లో. రెండు వెంట్రుకలున్న కుంచె. దాని కొన నాలుక మీద తడి చేసుకుని, ఒక రివెట్టు కింద ఒక చుక్క పెట్టి, వేలితో కిందికి లాగింది. ఇంకో రివెట్టు దగ్గర వదిలేసింది. "అన్నిటికీ పెడితే అబద్ధం అయిపోతాది" అంది. ఆ గడియల సంగతి అప్పుడే చెప్పింది. చేతులు పడే చోట తుప్పు పట్టదని. కింద చక్రాల దగ్గరికొచ్చేసరికి ఆమెకి కావలసిన గోధుమ రంగు ఏ సిప్పలోనూ లేదు. బ్రేకులు వేసినప్పుడు రాలే ఇనుప పొడి రంగు అది. కాసేపు ఆలోచించి కిందికి దిగి వెళ్ళి, కొంగులో ఏదో దాచుకుని వచ్చింది.

మధ్యాహ్నం అవ్వ ఇల్లంతా వెతికింది. "నా పొడి డబ్బీ ఏడ పెట్టినారే?"

"బండికి పూసినామ్మా" అంది అత్త మెట్ల మీద నుంచి.

"బండికా? బండికి జలుబు చేసిందా ఏమి?"

అమ్మ వంటింట్లో పడీ పడీ నవ్వింది. ముక్కుపొడి వాసనకి నేను ఆ రోజంతా తుమ్ముతూనే ఉన్నాను.

సాయంత్రం నాయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, వరండాలో స్టూలు మీద పెట్టిన వ్యాగన్ని చూశాడు. వంగి చూశాడు. తర్వాత కింద కూర్చుని, కన్ను దాని ఎత్తుకి తెచ్చి చూశాడు. చాలాసేపటికి, "రాజీ, ఇది ఈ పొద్దు పొద్దున నేను తట్టిన బండి" అన్నాడు.

అక్కణ్ణుంచి మా ఇల్లు మారింది. నాయన చెయ్యడం, అత్త పాతచేయడం. ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అన్నం తింటూ తుప్పు గురించి, సిమెంటు బస్తాల దుమ్ము గురించి, వాన నీళ్ళు కప్పు మీద నుంచి ఎటు జారతాయన్న దాని గురించి. అమ్మ మజ్జిగ పోస్తూ, "ఈ ఇంట్లో ఇంగ మనుషుల మాటే లేదు" అని విసుక్కునేది, కానీ ఆమెకీ సంతోషంగానే ఉండేది. ఒక ఆదివారం నాయన మమ్మల్నిద్దరినీ యార్డుకి తీసుకెళ్ళాడు. కంచె ఇవతల తుమ్మచెట్టు నీడలో నిలబడ్డాం. మనలి రిఫైనరీ నుంచి ఆయిలు ట్యాంకర్లు వచ్చి ఆగి ఉన్నాయి. అత్త కొంగు నడుముకి దోపుకుని, స్టూడియో కవర్ల వెనక పెన్సిలుతో గీసుకుంటూ, ఒక్కో బండినీ ఒక్కో ముఖాన్ని చూసినట్టు చూసింది.

"ఆ నల్లది పైన మూత కాణ్ణుంచి కారి ఉండాది చూడన్నా. అది ఏందది?"

"నింపేటప్పుడు పొంగింది. దాని మీద దుమ్ము అంటుకుంటాది."

"అందుకే దానికి మెరుపు ఉండాది, చుట్టుపక్కల లేదు. ఆ తెల్లగా గడ్డ కట్టింది?"

"ఎరువు. వానకి కరిగి, మళ్ళా ఎండి."

"సుద్దతో రాసింది నువ్వా?"

"నేనే" అన్నాడు నాయన, కొంచెం సిగ్గుపడుతూ.

ఆమె ఆ సుద్ద రాత కూడా గీసుకుంది. ఎండకి మాకు తల తిరుగుతోంది, ఆమెకి తెలియలేదు. తిరిగొచ్చే బస్సులో నాతో, "పాపా, స్టూడియోలో నేను చెరిపేదంతా ఈడ బాగుండాది చూడు" అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. బస్సు కిటికీలోంచి వచ్చే గాలికి ఆమె ముఖం తేటగా ఉంది. అత్త సంతోషంగా ఉన్న కాలం ఏదని అడిగితే నేను చెప్పగలిగింది ఆ కొన్ని నెలలే.

పన్నెండు వ్యాగన్లు పూర్తయ్యాయి. పట్టాల మీద వరసగా పెడితే వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా గూడ్సు బండి. ఆ ఏడు రైల్వేవాళ్ళ ఇన్‌స్టిట్యూట్ హాలులో ఉద్యోగులు చేసిన వస్తువుల ప్రదర్శన పెడుతున్నారని, నాయన తన బండి ఇస్తానని పేరు రాయించాడు. ప్రదర్శనకి నాలుగు రోజుల ముందు, శనివారం పొద్దున, నాయన పై అధికారి జీపులో మా సందులోకి వచ్చాడు. అత్త స్టూడియోకి వెళ్ళిపోయింది. ఆయనా మన వైపు మనిషే, తెలుగు మాట్లాడేవాడు. అమ్మ ఇచ్చిన కాఫీ నిలబడే తాగుతూ వరండాలో వరసని చూశాడు. మొదట ఆశ్చర్యపోయాడు. తర్వాత నొసలు ముడిచాడు.

"ఏమయ్యా, సిక్ లైనునంతా తెచ్చి పెట్టినావే?"

"నిజంగా ఉన్నట్టు చేసినాం సార్."

"నిజంగా ఉన్నట్టు ఎవరడిగినారు నిన్ను? పెద్దదొరలు వస్తా ఉండారు. మన బండ్లు ఇంత మురిగ్గా పెట్టుకున్నామని మనమే చూపిస్తామా? శుభ్రంగా పెయింటు ఎయ్యి. నీ పని మంచి పనయ్యా, దాన్ని చెడగొట్టుకోవద్దు." గ్లాసు అమ్మకిచ్చి, మెట్టు దిగి, గొంతు తగ్గించి, "ప్రమోషన్ లిస్టు వాళ్ళ కాడనే ఉండాది, తెలుసు కదా" అన్నాడు. చెడ్డవాడేమీ కాదు. నాయన మంచి కోరే చెప్పాడు.

ఆ రెండు రోజులు నాయన వ్యాగన్ల వైపు చూడలేదు. ఆదివారం రాత్రి అత్త పడుకున్నాక వంటింట్లో అమ్మ అన్నది నాకు వినబడింది. "రాజీని ఒక మాట అడగండి. వొద్దనదు."

"వొద్దనదు" అన్నాడు నాయన. "అందుకే అడగలేను."

సోమవారం నాయన సెలవు పెట్టాడు. నన్ను బడి మానిపించాడు. "నీ చెయ్యి బాగా వస్తాదమ్మా, నాకు ఒక్కడికి అయ్యేది కాదు" అన్నాడు. అత్త టిఫిన్ డబ్బా పట్టుకుని సందు మలుపు తిరిగేదాకా ఆగి, కిరసనాయిలు, పాత గుడ్డలు, కొత్త పెయింటు డబ్బా వరండాలో పెట్టాడు. గుడ్డ కిరసనాయిలులో ముంచి రుద్దితే తుప్పు, మసి, పౌడరు, అవ్వ ముక్కుపొడి, అన్నీ కలిసి ఒకే రకం నల్ల నీళ్ళయి గచ్చు మీద పారాయి. అంత సులభంగా పోతాయని నేననుకోలేదు. ఆయిలు ట్యాంకరుకి మాత్రం కొంచెం కష్టపడాల్సి వచ్చింది. నాయన తుడిచి ఇస్తుంటే నేను రంగు వేశాను. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ పని నాకు నచ్చింది. తడి పెయింటు రేకు మీద నున్నగా పరుచుకుంటూ పోతుంటే, కుంచె గీత ఒక్కటీ కనపడకుండా లాగగలుగుతుంటే, నాకు గర్వంగా ఉండింది. "శభాష్, మిషను ఏసినట్టు ఉండాది" అన్నాడు నాయన. మధ్యాహ్నం అమ్మ ఇద్దరికీ పెరుగన్నం తెచ్చిపెట్టి, వరండాలోకి చూడకుండానే వెళ్ళిపోయింది. నాలుగింటికి పన్నెండూ అయిపోయాయి. పేపర్ల మీద వరసగా పెట్టాం. ఎర్రగా, కొత్తగా, పెండ్లికూతుళ్ళలా ఉన్నాయి. నేను చేతులు కడుక్కుని, పుస్తకం తెరిచి కూర్చున్నాను, ఏమీ ఎరగనట్టు.

ఆరింటికి అత్త వచ్చింది. చెప్పులు విప్పుతుండగానే వాసన తెలిసి ఉంటుంది. వరండా గుమ్మంలో నిలబడింది. నాయన లోపల మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. అవ్వ జపమాల తిప్పడం ఆపింది. అత్త గుమ్మంలోంచే వ్యాగన్ల వరసని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, అమ్మ వడియాలు ఆరబెట్టేటప్పుడు పరిచే పల్చటి పంచె తెచ్చి, రెండు వైపులా చెంబులు బోర్లించి, వ్యాగన్లకి తగలకుండా వాటి మీద పందిరిలా కప్పింది.

"పచ్చి పెయింటు వదినా" అంది వంటింటి వైపు తిరిగి. "దుమ్ము పడితే పోదు. రేపు పొద్దున దాకా ఎవరూ తీయకండి."

అంతే. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, నా లెక్కల పుస్తకం చూసి ఒక తప్పు దిద్దింది. మరుసటి రోజు మామూలుగా స్టూడియోకి వెళ్ళింది. ప్రదర్శనకి రాలేదు, పెండ్లిళ్ళ సీజను, పని ఉందంది. నాయనకి సర్టిఫికెట్టు వచ్చింది. దొరగారు భుజం తట్టినప్పుడు తీసిన ఫోటో పెద్దది చెయ్యమని ఆఫీసువాళ్ళు ఇచ్చింది అత్త స్టూడియోకే. ఆ నెగటివు ఆమె పలక మీదికే వచ్చింది. నాయన నొసటి మీద గీతలు తీసేసింది, కళ్ళ కింద నలుపు తీసేసింది, ప్రింటు ఒకటి ఇంటికి తెచ్చి ఇచ్చింది. అమ్మ దాన్ని హాల్లో తగిలించింది. అందులో నాయన పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. ముందు బల్ల మీద పన్నెండు శుభ్రమైన వ్యాగన్లు. వాటిని తర్వాత ఎవరో ఆఫీసు అద్దాల బీరువాలో పెట్టారన్నారు. ఇప్పుడు ఎక్కడున్నాయో తెలియదు.

నాయనకి ప్రమోషన్ వచ్చింది. మళ్ళీ వ్యాగను చెయ్యలేదు. అత్త మళ్ళీ కుంచె ఇంట్లో పట్టలేదు. ఇద్దరూ పోట్లాడుకోలేదు. పాలు వచ్చినాయా అన్నా, వచ్చినాయి రాజీ, వానొస్తాదేమో, గొడుగు తీసుకుపో. అలా ఆయన బతికినంత కాలం. ఆయన రిటైరయ్యాక మాధవరంలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. నేను పెళ్ళయి ఊళ్ళోనే వేరే కాపురం పెట్టాను. అవ్వ, నాయన, తర్వాత అమ్మ పోయారు. కంప్యూటర్లు వచ్చి స్టూడియో అంతకుముందే మూతపడింది. అత్త ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. కుండీల్లో తులసి, మల్లె పెంచుకుంటూ, వారానికి రెండుసార్లు నేను వెళ్తే నాకు ఇష్టమని చింతపండు పచ్చిపులుసు చేసిపెడుతూ ఎనభై దాటేదాకా బతికింది. ఒకరోజు పొద్దున నిద్రలోనే పోయింది. పక్కింటావిడ ఫోన్ చేసింది. డాక్టరు కాగితం, శ్మశానంలో టోకెను, అయ్యవారు, భోజనాలు అన్నీ నేనే చూసుకున్నాను. కరెంటు పొయ్యి తలుపు మూసుకున్నప్పుడు కూడా, తర్వాత ఎవరికి ఫోన్ చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. గుండె గట్టి మనిషి అన్నారు చుట్టాలు.

ఆ కాలంలో మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమైందని అడిగేవాళ్ళు కాదు. దాన్ని నేను మర్యాద అనుకున్నాను, చాలా ఏళ్ళు నా ఇల్లు కూడా అలాగే నడిపాను. ఇప్పుడు ప్రభాకర్ లాంటివాళ్ళు లిఫ్టులో ఆపి మరీ అడుగుతారు, బాగున్నారా టీచర్, నిద్ర పడతా ఉందా అని. ఇప్పుడు తుప్పు సీసాల్లో వస్తుంది, పాతచేసిన వ్యాగనుకి కొత్తదానికంటే ఎక్కువ మెచ్చుకోళ్ళు వస్తాయట, దేశదేశాల వాళ్ళు ఫోటోలు పెట్టి చూసుకుంటారట. అతను ఫోనులో చూపిస్తుంటే చూశాను. వాటిలో అత్త చేసినంత బాగున్నవి ఒకటో రెండో. ఆ మాట అతనితో అన్నాను. అంటున్నప్పుడైనా లోపల ఏదో ఒకటి కదులుతుందని చూశాను. కాఫీ బాగుంది, ఇంకొంచెం పోయించుకున్నాను.

అత్త పోవడానికి మూడేళ్ళ ముందు రెండు కళ్ళకీ ఆపరేషను చేయించాం. చుక్కలు వెయ్యడానికి వారం రోజులు మాధవరంలోనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఆమె తల నా ఒడిలో పెట్టుకుని, కుడి రెప్ప పైకెత్తి చుక్క వేశాను. అంత దగ్గరగా ఆ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. ఎవరూ ఏదీ చెరపని ముఖం. యాభై ఏళ్ళు నా నోట్లో ఉన్న మాట, ఎందుకో అప్పుడు బయటికొచ్చింది.

"అత్తా. ఆ రోజు వ్యాగన్లకి రంగు వేసింది నేను. నాయన కాదు."

ఆమె కన్ను మూసుకునే ఉంది. మందు చెంప మీదికి కారింది, తుడిచాను.

"తెలుసు" అంది. "మీ నాయన కుంచె కొన ఒత్తి పడతాడు, అంచుల కాడ గడ్డ కడతాది. అది ఎడమ నుంచి కుడికి ఒకే లాగుడు. గుమ్మం కాడ నిలబడ్డప్పుడే చూసినా, ఇది మన పాప చెయ్యి అని."

"మరి నన్ను ఏమీ అనలేదే?"

ఆమె తల నా ఒడిలో సర్దుకుంది. వీధిలో పూలమ్మే ఆవిడ అరుస్తూ పోతోంది.

"ఏమంటాను? ఒక్క గీత లేకుండా వచ్చింది. బాగా ఏసినావు పాపా" అంది. "ఇంగో కంట్లో ఎయ్యి, మెడ లాగతా ఉండాది."

నేను ఎడమ కంట్లో చుక్క వేశాను. సీసా మూత బిగించాను. డాక్టరు ఇచ్చిన కాగితం మీద టైము రాసి, ఆమె కళ్ళు తెరిచేదాకా తల అలాగే పట్టుకుని కూర్చున్నాను.